ఇది ఇక్కడే ఎందుకుంది?

సెలవులకు వెళ్లొచ్చినవాళ్లను ఏం చూశారని అడిగితే చాలామంది పేర్లు చెబుతారు. ఫలానా కోట, ఫలానా బీచి, ఫలానా మ్యూజియం. ఆ కోట గురించి ఇంకో నాలుగు మాటలు చెప్పమంటే ఫోన్ తీసి ఫొటోలు చూపిస్తారు. డబ్బు ఖర్చయింది, కాళ్లు నొప్పులు పుట్టాయి, సెలవు అయిపోయింది, చివరికి పేర్ల జాబితా ఒకటి మిగిలింది. ఒక రోజు ప్రయాణం మన మనసులో ఎంతకాలం నిలుస్తుందన్నది ఎన్ని చోట్లు తిరిగామన్నదాన్ని బట్టి ఉండదని, చూసినవాటిని ఒకదానితో ఒకటి ముడివేసుకున్నామా లేదా అన్నదాన్ని బట్టే ఉంటుందని నా నమ్మకం. ఆ ముడి వేయడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. ‘ఇది ఇక్కడే ఎందుకుంది?’ అన్న ఒక్క ప్రశ్నను పొద్దున్నే పట్టుకుని సాయంత్రం దాకా వదలకపోతే చాలు. ఇది మాటవరసకు చెప్పిన సలహా కాదని చూపించడానికి ఇంగ్లండులోని డోవర్‌ను తీసుకుంటాను. అక్కడ ఒక పాత కోట, సముద్రం మీదికి నిలువునా కోసినట్టుండే తెల్లకొండలు పక్కపక్కనే ఉన్నాయి. లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్లో రైలెక్కితే గంట పైచిలుకులో చేరుకోవచ్చు. పిల్లల దగ్గరికి బ్రిటన్ వెళ్లే మన తెలుగు తల్లిదండ్రులు ఒక్క రోజులో చూసి రాదగ్గ చోటు.

చూడటం, చూసొచ్చామనిపించుకోవడం

మన చూపు ఎంత తొందరపాటుదో కొలిచినవాళ్లున్నారు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో పేరుమోసిన చిత్రాల ముందు సందర్శకులు ఎంతసేపు నిలబడుతున్నారో ఇద్దరు పరిశోధకులు గమనించి 2001లో ప్రకటించారు. సగటున ఒక్కో చిత్రానికి దక్కింది 27 సెకన్లు. లోకప్రసిద్ధమైన కళాఖండానికే అర నిమిషం దక్కనప్పుడు ఒక బురుజుకు, ఒక రాతి గోడకు ఎంత దక్కుతుందో ఊహించుకోవచ్చు. ఫొటో తీసుకున్నాం కదా, తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చన్న భరోసా కూడా మనం అనుకున్నంత గట్టిది కాదు. లిండా హెంకెల్ అనే మనస్తత్వవేత్త ఒక మ్యూజియంలో చేసిన ప్రయోగం 2014లో అచ్చయింది. వస్తువు మొత్తాన్ని ఫొటో తీసినవాళ్లకు, ఊరికే చూసినవాళ్లకంటే ఆ వస్తువు వివరాలు తక్కువ గుర్తున్నాయి. అయితే కెమెరాను దగ్గరికి జరిపి వస్తువులోని ఒక భాగాన్ని తీసినవాళ్లలో ఈ నష్టం కనిపించలేదు. తప్పు కెమెరాది కాదని దీన్నిబట్టి తేలుతుంది. కన్ను చేయాల్సిన పనిని యంత్రానికి అప్పగించి ముందుకు నడిచినప్పుడు జ్ఞాపకం పలచబడుతోంది. ఒక చిన్న భాగాన్ని ఎంచుకోవాలంటే ముందు చూసి తీరాలి కాబట్టి అక్కడ జ్ఞాపకం నిలుస్తోంది.

మరి చూపును నిలిపి ఉంచేదేమిటి? కుతూహలం. మాథియాస్ గ్రూబర్, ఆయన సహచరులు 2014లో ప్రచురించిన పరిశోధనలో, సమాధానం తెలుసుకోవాలని మనసు ఆత్రపడుతున్నప్పుడు ఆ సమాధానమే కాక, ఆ సమయంలో ఎదురుగా కనిపించిన సంబంధం లేని ముఖాలు కూడా మనుషులకు బాగా గుర్తున్నాయని తేలింది. ప్రశ్న తెరిచి ఉన్నంతసేపు మనసు చుట్టుపక్కల సంగతులను కూడా పోగుచేసుకుంటుందన్నమాట. అంతకుముందు 2009లో కార్నెల్, హేస్, బ్యార్క్ అనే ముగ్గురు ఇంకో సంగతి చూపించారు. సమాధానం వినే ముందు మనంతట మనం ఒక ఊహ చేస్తే, ఆ ఊహ తప్పయినా సరే, అసలు సమాధానం బాగా గుర్తుంటుంది. వీటిని కలిపి చూస్తే సెలవురోజుకు ఒక పద్ధతి దొరుకుతుంది. బోర్డు చదవకముందే అడగాలి, ఊహించాలి, ఆ తర్వాతే చదవాలి.

పొద్దున కోటలో

డోవర్ కోట ఊరికి పైన, సముద్రానికి ఎదురుగా కొండ మీద ఉంది. కోట ఇక్కడే ఎందుకుందని అడిగితే మొదటి జవాబు కళ్లముందే దొరుకుతుంది. బ్రిటన్‌కూ ఐరోపా ప్రధాన భూభాగానికీ మధ్య సముద్రం అన్నిటికంటే ఇరుకుగా ఉన్నది ఇక్కడే. ఆ దూరం సుమారు 33 కిలోమీటర్లు. ఆకాశం తేటగా ఉన్న రోజున ఫ్రాన్సు ఒడ్డు కనిపిస్తుంది. ఈ తీరంలో కొన్నిచోట్ల మొబైల్ ఫోన్ ఫ్రాన్సు నెట్‌వర్కును పట్టుకుని గడియారాన్ని గంట ముందుకు జరిపేస్తుంది. దండెత్తి రావాలన్నా, సరుకు తేవాలన్నా, యాత్రకు రావాలన్నా ఇదే దగ్గరి దారి. రోమన్లు ఈ సంగతిని కోట పుట్టడానికి వెయ్యేళ్ల ముందే గ్రహించి ఇక్కడ దీపస్తంభం కట్టారు. అది ఇప్పటికీ కోట ఆవరణలో, సాక్సన్ల కాలపు సెయింట్ మేరీ చర్చిని ఆనుకునే నిలబడి ఉంది. చర్చికి గంటల గోపురంగా పనికొచ్చింది కాబట్టి దాన్నెవరూ కూలగొట్టలేదు.

ఆ దీపస్తంభం దగ్గర తొందరపడకండి. గోడకు రెండడుగుల దూరంలో నిలబడి చూస్తే దాని కడుపులోని రాళ్లు చాలావరకు పిడికిలంత, గుమ్మడికాయంత చెకుముకి రాళ్లని తెలుస్తుంది. పగిలిన చోట గాజులా నల్లగా మెరుస్తాయి, అంచున తెల్లటి తొక్క ఉంటుంది. వాటి మధ్య అక్కడక్కడ ఎర్రటి రోమన్ ఇటుకల వరసలు అడ్డంగా సాగుతాయి. పక్కనున్న చర్చి గోడల్లోనూ అవే ఇటుకలు కనిపిస్తాయి. రోమన్లు వదిలేసిన ఇటుకలను సాక్సన్లు ఏరుకుని మళ్లీ వాడుకున్నారు. ఈ నల్లరాళ్లు ఎక్కడివి? ఊహ చేసి ఊరుకోండి. సమాధానం మధ్యాహ్నం కొండ దగ్గర దొరుకుతుంది.

కోట నడుమనున్న మహాబురుజును ఇంగ్లండు రాజు రెండో హెన్రీ 1180వ దశకంలో కట్టించాడు. సుమారు 25 మీటర్ల ఎత్తు, కొన్నిచోట్ల 6 మీటర్లు దాటే మందం. కాపలాకైతే ఇంత భారీగా కట్టాలా? ఇక్కడ భూగోళం ఒక్కటే జవాబు చెప్పలేదు. 1170లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను హెన్రీ మనుషులు చర్చిలోనే చంపారు. 1173లో పోపు ఆయన్ను సెయింటుగా ప్రకటించాడు. కాంటర్‌బరీ ఐరోపాకంతటికీ యాత్రాస్థలమైపోయింది. 1179లో సాక్షాత్తు ఫ్రాన్సు రాజు ఏడో లూయీ ఆ సమాధిని దర్శించుకోవడానికి సముద్రం దాటి వచ్చాడు. రాజులూ ప్రభువులూ దిగే రేవులో ఇంగ్లండు రాజుకు తగిన సౌధం లేకపోవడం హెన్రీకి తలవంపులైంది. తనను నింద పాలు చేసిన ఆ సెయింటు కోసం వచ్చే అతిథుల ముందు తన దర్పాన్ని నిలబెట్టుకోవడానికి కూడా ఈ బురుజు కట్టించాడని చరిత్రకారులు చెబుతారు. బురుజు లోపలే బెకెట్ పేరిట ఒక ప్రార్థన మందిరం ఉంది. ఈ కథ తెలిసి ఆ చిన్న గదిలో నిలబడ్డవాళ్లకు ఆ ఆరు మీటర్ల గోడల్లో ఒక రాజు ఇబ్బంది కూడా కనిపిస్తుంది.

1216లో ఫ్రాన్సు యువరాజు లూయీ కోటను ముట్టడించాడు. కోటపాలకుడు హ్యూబర్ట్ డి బర్గ్. గోడలను పగలగొట్టడం కష్టమని ఫ్రెంచివాళ్లు ఉత్తర ద్వారం కింద సొరంగం తవ్వారు. ద్వారం బురుజుల్లో ఒకటి కూలింది. లోపలివాళ్లు దూలాలతో ఆ గండిని పూడ్చి కోటను నిలబెట్టుకున్నారు. ఆ తర్వాత ఆ ద్వారాన్ని శాశ్వతంగా మూసేసి, 1220వ దశకంలో వేరే దిక్కున ‘కానిస్టేబుల్స్ గేట్’ కట్టారు. ఉత్తరం వైపు రక్షణగా తామే సొరంగాలు తవ్వుకున్నారు. శత్రువు ఏ ఉపాయంతో దెబ్బతీశాడో ఆ ఉపాయాన్నే కోట నేర్చుకుంది. నెపోలియన్ భయం పట్టుకున్న రోజుల్లో, 1797 తర్వాత, సముద్రం వైపు కొండ లోపల సుమారు 2,000 మంది సైనికులు ఉండటానికి సొరంగాలు తొలిచారు. 1940లో అదే సొరంగాల్లోంచి వైస్ అడ్మిరల్ బెర్‌ట్రామ్ రామ్సే రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు తీరాన డంకర్క్ దగ్గర జర్మన్ సేనల మధ్య చిక్కుకున్న సైనికుల తరలింపును నడిపించాడు. మే 26 నుంచి జూన్ 4 దాకా 3,38,000 మందికి పైగా సైనికులు ఆ ఇరుకు సముద్రం దాటి బతికి బయటపడ్డారు. రోమన్ దీపం, హెన్రీ బురుజు, లూయీ ముట్టడి, రామ్సే సొరంగం వేర్వేరు యుగాలవి. కానీ నాలుగింటినీ ఒక్క చోటికి చేర్చింది ఆ 33 కిలోమీటర్ల నీళ్లే.

మధ్యాహ్నం కొండల మీద

ఇంత తేలిగ్గా ఈ కొండను తొలవడం ఎలా కుదిరింది? మధ్యాహ్నం తెల్లకొండల మీది కాలిబాట పట్టండి. ఊరి తూర్పున నేషనల్ ట్రస్టు సందర్శక కేంద్రం నుంచి సౌత్ ఫోర్‌లాండ్ దీపస్తంభం దాకా సుమారు మూడు కిలోమీటర్లు. బాట మీద రాలిన తెల్ల ముక్కను వేళ్ల మధ్య నలిపితే పొడి అంటుకుంటుంది. ఇది సుద్ద. డైనోసార్లు తిరిగిన కాలంలో, సుమారు తొమ్మిది కోట్ల ఏళ్ల కిందట, వెచ్చని సముద్రంలో బతికిన కంటికి కనిపించని నాచుజీవుల సున్నపు పెంకులు అడుగున పేరుకుని ఇలా గట్టిపడ్డాయి. ఒక్క మీటరు పేరుకోవడానికి వేల ఏళ్లు పట్టింది. కొండ కొన్నిచోట్ల 100 మీటర్లు దాటుతుంది. తొలిస్తే తొలిచినట్టు వచ్చేంత మెత్తన, తొలిచాక కూలకుండా నిలిచేంత గట్టి. ఫ్రెంచివాళ్ల సొరంగం, నెపోలియన్ నాటి బారకులు, రామ్సే కార్యాలయం, అన్నీ ఈ ఒక్క గుణం మీద నిలబడ్డవే.

బాట మలుపు తిరిగి వెనక్కి చూసే చోట తెల్లటి కొండగోడ మీద అడ్డంగా సాగే నల్లని గీతలు కనిపిస్తాయి. పొద్దున దీపస్తంభం గోడలో చూసిన చెకుముకి రాళ్లు ఇవే. అదే సముద్రంలోని స్పాంజిల వంటి జీవుల సిలికా సుద్ద పొరల మధ్య ముద్దకట్టి ఏర్పడ్డవి. కోటా కొండా వేర్వేరు చూడదగ్గ చోట్లుగా కరపత్రాల్లో ఉంటాయి. ఇక్కడ నిలబడ్డవాళ్లకు అవి ఒకే రాయిలోంచి వచ్చిన ఒకే కథ అని తెలిసిపోతుంది. ఈ ఎరుక ఏ గైడూ ఇవ్వలేడు. పొద్దున ఊహించి, మధ్యాహ్నం కళ్లారా చూసినవాళ్లకే అది సొంతమవుతుంది.

ప్రశ్నను ఇంకా లోతుకు దించవచ్చు. సముద్రం ఇక్కడే ఎందుకు ఇరుకు? ఒకప్పుడు బ్రిటన్, ఫ్రాన్సు ఈ సుద్దకొండ వరసతోనే కలిసి ఉండేవి. ఆవలి ఒడ్డున కాప్ బ్లాంక్ నే దగ్గర ఇవే తెల్లకొండలు మళ్లీ కనిపిస్తాయి. సుమారు 4,50,000 ఏళ్ల కిందట మంచుయుగంలో ఉత్తరాన నిలిచిన మహా సరస్సు ఈ కట్ట మీదుగా పొంగిపొర్లి దాన్ని కోయడం మొదలుపెట్టిందని సముద్రగర్భాన్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు చెబుతున్నారు. తెగిన కట్ట ఉన్న చోటే జలసంధి ఇరుకైంది, ఇరుకైన చోటే కోట వెలిసింది. ఇక సౌత్ ఫోర్‌లాండ్ దీపస్తంభం దగ్గర ప్రశ్న మళ్లీ పనికొస్తుంది. ఓడలను మింగే గుడ్విన్ ఇసుకదిబ్బలు ఎదురుగా ఉన్నాయి కాబట్టి దీపం ఇక్కడ ఉండాల్సి వచ్చింది. ఫ్రాన్సు దగ్గర కాబట్టి మార్కోని 1899లో జలసంధి మీదుగా వైర్‌లెస్ సందేశం పంపడానికి ఈ చోటే అనువైంది.

కొండలు ఇంత తెల్లగా ఎందుకున్నాయన్నది పిల్లలు తప్పక అడిగే ప్రశ్న. సముద్రం కొండ అడుగును కోస్తుంటే ముందరి పొర కూలి కొత్త పొర బయటపడుతుంటుంది. అలలు తాకని చోట కొండ మీద గడ్డి మొలిచి పచ్చబడుతుంది. ఆ తెలుపు విరిగిపడుతున్నందువల్ల వచ్చింది. 2012 మార్చిలో ఈ కొండల్లోనే లాంగ్డన్ అనే చోట పెద్ద ముక్క సముద్రంలో కూలింది. కాబట్టి ఫొటో కోసం అంచుకు పోవద్దు. కనీసం ఐదు మీటర్లు ఎడంగా ఉండండి. అంచు కింద బోలుగా ఉందో లేదో పైనుంచి ఎవరికీ తెలియదు.

ఎదురయ్యే అభ్యంతరాలు

సెలవు పెట్టింది సేదతీరడానికి కదా, ఈ ప్రశ్నల పరీక్ష ఎందుకు అని అడగవచ్చు. న్యాయమైన మాటే. నెదర్లాండ్స్‌లో 1,530 మంది మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, సెలవులకు వెళ్లొచ్చినవాళ్లు వెళ్లనివాళ్లకంటే తిరిగొచ్చాక ఎక్కువ సంతోషంగా ఏమీ లేరని తేలింది. ‘చాలా ప్రశాంతంగా గడిచింది’ అన్నవాళ్లలో మాత్రమే తేడా కనిపించింది. ఈ ఫలితం నా వాదనకు బలమే ఇస్తుంది. ప్రశాంతతను చెడగొట్టేది గంటకో చోటికి పరుగు, బస్సు తప్పిపోతుందన్న ఆందోళన, నలుగురిలో ఒకరు వెనకబడ్డారన్న విసుగు. ఒక్క చోట ఒక్క ప్రశ్నతో గడిపే రోజులో ఇవేవీ ఉండవు. పైగా పొద్దున కోటలో మెదడు శ్రమపడితే, మధ్యాహ్నం గడ్డి మీద, గాలిలో నడక దాన్ని తేరుకోనిస్తుంది. ప్రకృతి మధ్య నడక అలసిన ఏకాగ్రతకు మళ్లీ ఊపిరిపోస్తుందని రాచెల్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు వివరించారు. 2008లో వచ్చిన ప్రయోగాలు దానికి బలం చేకూర్చాయి. అందుకే ఈ రెంటినీ ఇదే వరసలో పెట్టుకోమంటున్నాను.

లక్షలు పోసి ఇంత దూరం వచ్చాం, మళ్లీ వస్తామో రామో, అన్నీ చూడకపోతే ఎలా అన్నది రెండో అభ్యంతరం. మన కుటుంబాల్లో దీని బరువు ఎక్కువ. వీసా, టికెట్లు, కొడుకో కూతురో పెట్టిన సెలవు, ఇవన్నీ నిజమైన ఖర్చులే. లీడ్స్ కాసిల్, కాంటర్‌బరీ, డోవర్, గ్రీనిచ్‌లను ఒకే రోజులో తిప్పే బస్సు యాత్రలు అందుకే అమ్ముడుపోతాయి. కానీ ఖర్చు పెరిగినకొద్దీ ఒక్కో గంటకు విలువ పెరగాలి. ఆ గంటలను బస్సు కిటికీకి ధారపోయడం ఖర్చును రాబట్టుకోవడం అవదు. అయినా, జీవితంలో ఒక్కసారే వెళ్లేవాళ్లకు నాలుగు చోట్లు చూడాలన్న ఆశను తప్పుపట్టలేను. వాళ్లకు నా మాట ఇది: పది రోజుల్లో ఏడు రోజులు మీకు తోచినట్టు తిరగండి, కనీసం ఒక్క రోజు ఒక్క చోటికి ఇవ్వండి. ఏ రోజు గుర్తుందో ఏడాది తర్వాత మీరే పోల్చుకోండి.

మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లూ, గంటకు మించి కుదురుగా ఉండని పిల్లలూ ఉంటారు కదా అన్నది మూడోది. కోటలో ఎత్తుపల్లాలు, బురుజులో మెట్లు, కొండ మీద చలిగాలి ఉన్న మాట వాస్తవం. ఒక్క చోటికే వెళ్లడం వల్ల వచ్చే వెసులుబాటు ఇక్కడే పనికొస్తుంది. అమ్మమ్మ బురుజు ఎక్కకుండా చర్చి దగ్గర కూర్చుని ఎర్ర ఇటుకలు ఎక్కడెక్కడున్నాయో చూడవచ్చు. మనవడికి నల్లరాళ్లు వెతికే పని అప్పగించవచ్చు. సాయంత్రం ఎవరు చూసింది వాళ్లు చెబితే ముక్కలన్నీ కలుస్తాయి. సాధారణంగా పిల్లలను విసిగించేది తాము చేయడానికేమీ లేని రోజు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఒకే ప్రశ్న పట్టుకుంటే దానికి నప్పే జవాబులే కనిపిస్తాయి, చరిత్రను మరీ నున్నగా చేసేస్తాం కదా అన్నది. ఇది నిజంగా ఉన్న ప్రమాదమే. ‘కొండ ఉంది కాబట్టి కోట ఉంది’ అని సరిపెట్టుకుంటే బెకెట్ హత్య, హెన్రీ పరువు మన చూపులోంచి జారిపోయేవి. కనుక మొదటి జవాబు దొరకగానే ప్రశ్నను కట్టేయకూడదు. ‘ఇంత పెద్దగా ఎందుకు? అప్పుడే ఎందుకు? ఎవరు చూడాలని?’ అని మళ్లీ అడగాలి. నేల చెప్పే కారణమూ, మనిషి చెప్పే కారణమూ రెండూ దొరికినప్పుడే జవాబు నిండుతుంది.

ఆచరణకు

బయల్దేరే ముందు రాత్రి పదిహేను నిమిషాలు ఆ చోటి మ్యాప్ చూడండి. చరిత్ర చదవకండి, నీళ్లు ఎటున్నాయో, ఎత్తు ఎటుందో మాత్రం చూడండి. చేరాక మొదటి పావుగంట ఫోన్ సంచిలో ఉండనివ్వండి. ఒక ఊహ చేసి, వెంట ఉన్నవాళ్లకు పైకి చెప్పి, ఆ తర్వాతే బోర్డు చదవండి. ఫొటోలు తీయండి, కానీ ప్రతి చోటా ఒక్కటైనా దగ్గరి నుంచి, ఒక రాయినో ఒక అతుకునో తీయండి. తిరుగు ప్రయాణంలో ఆ రోజు దొరికిన జవాబులను నాలుగు వాక్యాల్లో రాసుకోండి. జవాబు దొరకని ప్రశ్న ఒకటి మిగిలితే దాన్నీ రాసుకోండి, వచ్చే ప్రయాణానికి అదే పెట్టుబడి.

ఈ అలవాటుకు డోవర్ దాకా పోనక్కర్లేదు. కడప జిల్లా గండికోటలో పెన్నా నది కోసిన లోయ అంచున ఇదే ప్రశ్న వేయవచ్చు. కోటకు ఏ వైపు గోడ అవసరం తగ్గింది, గోడల ఎర్రరాయి ఎక్కడిది, ఈ లోయను చూసి మురిసిపోయే మనం దీన్ని చూసి భయపడాల్సిన సైన్యం కళ్లతో ఎప్పుడైనా చూశామా? గోల్కొండ కోట ద్వారం దగ్గర చప్పట్లు కొట్టి ప్రతిధ్వని విని నవ్వుకుని వెళ్లిపోయేవాళ్లలో, ఆ శబ్దం పైదాకా వినపడాల్సిన అవసరం ఎవరికి వచ్చిందని అడిగేవాళ్లు తక్కువ. అడిగినవాళ్లకు ఆ ద్వారం మొత్తం వేరేగా కనిపిస్తుంది.

సెలవు అయిపోయాక కూడా ఈ ప్రశ్న పనిచేస్తూనే ఉంటుంది. కొత్త ఆఫీసులో అర్థంకాని నియమం, పాత ఊళ్లో వంకర వీధి, ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబట్టే ఆచారం ఎదురైనప్పుడు, తీసిపారేసే ముందు ఇది ఇక్కడికి ఎలా వచ్చిందని అడిగే ఓపిక దానివల్ల వస్తుంది. కొన్నిటికి ఇప్పటికీ చెల్లే కారణం దొరుకుతుంది, వాటిని నిలుపుకుంటాం. కొన్నిటికి కారణం ఎప్పుడో తీరిపోయిందని తెలుస్తుంది, వాటిని నిశ్చింతగా వదిలేస్తాం. ఏది ఉంచాలో ఏది వదలాలో కారణం తెలిసి తేల్చుకోగలగడమే పరిణతి. దాన్ని అలవరచుకోవడానికి సెలవురోజు కంటే మంచి సమయం లేదు. ఆ రోజున తప్పు ఊహించినా పోయేదేమీ లేదు, అడిగితే చెప్పడానికి రాళ్లు సిద్ధంగా ఉంటాయి. కాబట్టి వచ్చే సెలవు ప్రణాళికలోంచి ఇప్పుడే ఒక చోటు పేరు కొట్టేసి, మిగిలిన చోటికి ఆ సమయాన్ని ఇవ్వండి.